మునగచెట్టు, శనగచెట్టు, విమానం

గత సంచికలో మన ఆదివారపు బడి ప్రస్తావన ఒకే ఒక వాక్యంలో వచ్చింది. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయని నేననుకోలేదు. క్యాంటీనులో ఇద్దరు, కంట్రోల్ రూములో ఒకరు, టౌన్‌షిప్పు గుడి మెట్ల మీద ముగ్గురు తల్లులు నన్ను నిలవేసి అడిగినది ఒక్కటే: “ఆటలాడించి ఇంగ్లీషు జాతీయాలు నేర్పుతారట, నిజమేనాండీ? మా పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని బట్టీ వేసినా వారం తిరిగేసరికి మరచిపోతున్నారే!” నిజమే, ఆటలతోనే నేర్పుతున్నాం. అయితే ఆ ఆటలు నేను మొదట ఆడించింది మన పిల్లల చేత కాదు, కొరియా దేశపు ఇంజనీర్ల చేత. కనుక కథ అక్కడి నుండే మొదలుపెట్టవలసి ఉంటుంది.

ముందుగా ఒక మాట. సామెత వేరు, జాతీయం వేరు. సామెత తనంతట తాను నిలబడే వాక్యం. జాతీయం మరో వాక్యంలో ఇమిడిపోయే పలుకుబడి. దానిలోని పదాల అర్థాలను ఎన్నిసార్లు కూడినా మొత్తం అర్థం రాదు. ‘కాళ్ళకు బుద్ధి చెప్పాడు’ అన్నప్పుడు కాళ్ళంటే తెలుసు, బుద్ధి అంటే తెలుసు, చెప్పడమంటే తెలుసు. అయినా ఆ మనిషి పారిపోయాడన్న సంగతి తెలుగు ఇంట పెరగనివాడికి ఏ నిఘంటువులో, ఏ పదం కింద వెతికితే దొరుకుతుంది? మన పిల్లలకు ఇంగ్లీషు జాతీయంతో వచ్చే ఇబ్బంది సరిగ్గా ఇదే.

2011 చివర, సముద్రంలో నిలిపే ఒక ప్రాసెస్ ప్లాట్‌ఫారం నిర్మాణాన్ని పర్యవేక్షించే బృందంలో ఒకడిగా కొరియా దక్షిణ తీరంలోని ఒక ఫాబ్రికేషన్ యార్డుకు వెళ్ళి, అక్కడ పదకొండు నెలలున్నాను. వెళ్ళిన మూడవ వారంలోనే ఒక పైపులైనుకు హైడ్రోటెస్టు జరిగింది. మన కుటుంబాలలో ఆ మాట తెలియనివారు అరుదే అయినా చెబుతాను: పైపులో నీరు నింపి, డిజైను ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల వరకు ఎక్కించి, ఎక్కడైనా కారుతున్నదేమో చూసే పరీక్ష. ఆనాడు గేజి ముల్లు 150 బార్‌ను సమీపిస్తోంది. పంపు దగ్గర నిలబడిన యువ టెక్నీషియను కొంచెం తొందరపడుతున్నట్లు తోచి, నేను వాకీటాకీలో “హోల్డ్ యువర్ హార్సెస్” అన్నాను. తొందరవద్దు, కాస్త ఆగమని నా భావం. ఆ యువకుడు మరుక్షణం రక్షణ కోసం కట్టిన తాడును దాటి లోపలికి నడిచి, ఒత్తిడిలో ఉన్న పరీక్షా హోసును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. అతనికి వినబడినది ‘హోల్డ్ యువర్ హోస్’.

ఆ స్థితిలో హోసు కనెక్షను ఊడివస్తే మనిషి ఏమవుతాడో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. ఫోర్‌మను కేకవేసి, అతని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఏమీ జరగలేదు. ఒత్తిడి దించిన తరువాత ఆ కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, నడుము వరకు వంగి, తనవల్ల పొరపాటు జరిగిందని క్షమాపణ చెప్పుకున్నాడు. తప్పు నాది, క్షమాపణ అతనిది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారేలోగా రెండు నిర్ణయాలు చేసుకున్నాను. మొదటిది, పని జరిగే చోట సూచన ఇచ్చేటప్పుడు జాతీయం నోట రానీయకూడదు. ఆపమనాలంటే ‘స్టాప్’ అనే అనాలి. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. నానా దేశాల నావికులు ఒకరి మాట ఒకరు పొరబడకుండా ఉండేందుకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001 లోనే ప్రామాణిక వాక్యాల సంపుటిని ఆమోదించింది. ఏ సందర్భంలో ఏ మాట అనాలో అందులో ముందుగానే నిర్ణయించి ఉంచారు. మన విషయానికి వస్తే, మొన్న ఒక రాత్రి షిఫ్టులో ‘ఆ వాల్వు సంగతి కాస్త చూసుకో’ అన్న మాట నా చెవినబడింది. చూసుకోవడమంటే తెరవడమా, మూయడమా? అన్నవారికి తెలుసు, విన్నవారికీ తెలిసే ఉంటుందని ఆశిద్దాం.

రెండవది, నేను మానుకున్నంత మాత్రాన లోకం మానుకోదు. యార్డులో స్కాట్లండువారున్నారు, నార్వేవారున్నారు, ఆస్ట్రేలియావారున్నారు. కనుక ఆ కుర్రవాళ్ళు జాతీయాలను గడగడా ప్రయోగించలేకపోయినా ఫరవాలేదు గాని, విన్నప్పుడు ‘ఇది పదానికి పదం అర్థం చేసుకోవలసిన మాట కాదు, అడిగి తెలుసుకోవాలి’ అని పసిగట్టగలగాలి. జాతీయం ముందు చెవికి రావాలి, ఆ తరువాతే నోటికి. మన పాఠ్యపుస్తకాలు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, అర్థం పక్కన రాసి, ‘సొంత వాక్యములలో ప్రయోగింపుము’ అంటాయి. ఒక్కసారైనా నిజమైన సందర్భంలో వినని మాటను సొంత వాక్యంలో ఎలా ప్రయోగిస్తారు?

అలా బుధవారం సాయంత్రాలు యార్డు క్యాంటీను పై గదిలో తరగతి మొదలైంది. విద్యార్థులు తొమ్మండుగురు. హోసు పట్టుకున్న కుర్రవాడు అందరికంటే ముందుగా వచ్చి కూర్చున్నాడు. వారికి ఇంగ్లీషు రాదనుకుంటే పొరపాటు. ఆ దేశంలో కళాశాల ప్రవేశపరీక్ష నవంబరులో ఒక గురువారం జరుగుతుంది. అందులో ఇంగ్లీషు విని జవాబులు రాసే భాగం నడిచే అరగంట సేపు విమానాలను దిగనివ్వరు, ఎగరనివ్వరు. పిల్లల చెవికి రొద అడ్డు రాకూడదని! అంతటి పరీక్ష గట్టెక్కి వచ్చినవారు. వ్యాకరణంలో నన్ను తప్పుపట్టగల సమర్థులు. నోరు మాత్రం విప్పరు. తమకంటే వయసులో, సర్వీసులో పెద్దవాడు గదిలో ఉండగా చిన్నవాడు ముందుగా మాట్లాడడం, అందులోనూ తప్పు మాట్లాడడం, అక్కడ మర్యాద కాదు.

మొదటి వారం బొమ్మల ఆట ఆడించాను. ఒకరు వచ్చి జాతీయానికి పదార్థాన్ని బట్టి బొమ్మ గీయాలి, మిగిలినవారు పోల్చుకోవాలి. ‘రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ చీటీ వచ్చినవాడు ఆకాశం నుండి పిల్లులను, కుక్కలను ఎంతో అందంగా రాలిపించాడు. అందరూ నవ్వారు. మరుసటి వారం అడిగితే బొమ్మ అందరికీ గుర్తుంది, అర్థం ఇద్దరికి గుర్తుంది. ఉపాధ్యాయులు ఎంతగానో మెచ్చుకునే ఈ ఆట మీద నాకు ఆనాటి నుండి గురి లేదు. బొమ్మ నాటుకునేది విడి పదాల అర్థాన్నే. మనం వదిలించవలసినది కూడా దాన్నే. పైగా పిల్లులూ కుక్కలూ కురిసే ఆ జాతీయాన్ని నా ఉద్యోగ జీవితంలో ఏ ఆంగ్లేయుని నోటా నేను వినలేదు. వాడుకలో లేనివాటిని వదిలి, యార్డులో ఆ వారం ఎవరో ఒకరు నిజంగా అన్నవాటినే చీటీలకెక్కించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. మూకాభినయం ఫరవాలేదు, ఒళ్ళు కదులుతుంది, బిడియం కొంత పోతుంది. అంతకు మించి దాని గురించి చెప్పవలసినది లేదు.

గుణం కనిపించింది అబద్ధాల ఆటతో. బి.బి.సి. టెలివిజనులో 1965 లో మొదలైన ‘కాల్ మై బ్లఫ్’ అనే పోటీకి ఇది నేను చేసుకున్న మార్పు. తరగతిని రెండు జట్లు చేయాలి. ఒక జట్టుకు ఒక జాతీయం, దాని అసలు అర్థం రాసిన చీటీ ఇస్తాము. ఆ జట్టులో ముగ్గురు లేచి తలా ఒక అర్థం చెబుతారు, ఒక చిన్న సందర్భంతో సహా. ఒకటి నిజం, రెండు కల్పితం. ఏది నిజమో ఎదుటి జట్టు తేల్చాలి. ‘కట్ కార్నర్స్’ అన్న చీటీ వచ్చిందనుకోండి. ఒకడు, దగ్గరి దారిన ఇంటికి పోవడం అంటాడు. మరొకడు, గరుకు అంచులను నునుపు చేయడం అంటాడు. మూడవవాడు, ఖర్చూ శ్రమా మిగుల్చుకోవడానికి చేయవలసిన పనిని కుదించి నాసిగా ముగించడం అంటాడు. వినేవారు మూడింటినీ తూచి చూస్తారు. కల్పించేవాడు ఇంకా ఎక్కువ ఆలోచిస్తాడు, ఎందుకంటే నమ్మదగిన అబద్ధం చెప్పాలంటే జాతీయాలు ఎలా పుడతాయో లోలోపల తెలియాలి. ఈ తూచడంలో అసలు అర్థం మనసున పడుతుంది. ఇలా నేర్చుకున్నవి నెల తరువాత అడిగినా పోలేదు.

తొలి రెండు వారాలు మాత్రం ఆ ఆట కుంటింది. కారణం మన ఆఫీసులు తెలిసినవారు ఊహించగలరు. పెద్ద ఇంజనీరు లేచి చెప్పినది అబద్ధమని చిన్నవాడు ఎలా అంటాడు? ఆయన ఏమి చెప్పినా నిజమేనని జట్టంతా తలలూపడంతో పాయింట్లన్నీ ఆయనకే పోయాయి. మూడవ వారం ఆయనను జట్టులోనుండి తప్పించి న్యాయనిర్ణేతను చేశాను. క్యాంటీను నుండి తెచ్చిన గంట ఒకటి చేతికిచ్చి ఆయనకు ఎత్తయిన కుర్చీ వేశాము. ఆయన గౌరవం పెరిగింది, మిగిలినవారి నోళ్ళు విడ్డాయి. ఆట నడవాలంటే నియమాల కంటే ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూసుకోవాలని నాకు బోధపడింది.

నాల్గవ వారం వారే ఒక ప్రతిపాదన చేశారు. తాము కొరియా జాతీయాలు చెబుతారట, నేను పోల్చుకోవాలట. సరే అన్నాను. ‘సముద్రపు నాచు పులుసు తాగాడు’ అన్నారు. పుట్టినరోజునాడు అక్కడ ఆ పులుసు తాగుతారని అప్పటికే తెలుసు గనుక, ‘పుట్టినరోజు చేసుకున్నాడు’ అన్నాను ధీమాగా. గది గదంతా కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. దాని అర్థం పరీక్ష తప్పాడని! నాచు జారుతుంది కదా, జారిపోయాడన్నమాట. అందుకే పరీక్షనాడు ఆ పులుసు ముట్టరు. తరువాత ‘నూడుల్సు ఎప్పుడు తినిపిస్తావు?’ అన్నారు. ఇది మాత్రం తక్షణం పట్టుకున్నాను. మన ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ కాక మరేమిటి! వారి పెళ్ళి విందులో నూడుల్సు, మన పెళ్ళి విందులో పప్పన్నం. ఆ మాట అనగానే హోసు పట్టుకున్న కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. అతనికి వసంతంలో పెళ్ళి నిశ్చయమైందని అలా బయటపడింది.

నేనూ మనవి కొన్ని వదిలాను. ‘ఎముకలేని చెయ్యి’ అంటే చేతకానివాడని వారి ఊహ. దానశీలి అని చెప్పేసరికి, తమ భాషలో ‘చెయ్యి పెద్దది’ అంటామని, ముఖ్యంగా నలుగురికి వండమంటే పదిమందికి వండే ఇల్లాలిని అలా అంటామని చెప్పారు. మా శ్రీమతి గుర్తుకు వచ్చింది. ‘కడుపుమంట’ అన్నాను. ఇది వారికి వివరించవలసిన అవసరమే రాలేదు. ‘పినతండ్రి కొడుకు భూమి కొంటే కడుపు నొస్తుంది’ అని వారికి సామెత ఉన్నదట. దాయాదులు, భూమి, కడుపు! ఏడు సముద్రాల అవతలి దేశం కాస్తా ఒక్క క్షణం మా ఊరి రచ్చబండ దగ్గరకు వచ్చేసింది.

వీటన్నింటిలో నాకు మరపురానిది విమానం. ఒకనాడు న్యాయనిర్ణేతగారి ఇంగ్లీషు బాగా మెరుగుపడిందని నలుగురిలో మెచ్చుకున్నాను. ఆయన సిగ్గుపడి, “నన్ను విమానం ఎక్కించకండి” అన్నారు. పొగడ్తతో మనిషిని పైకి లేపడాన్ని వారు విమానం ఎక్కించడం అంటారు. మనం మునగచెట్టు ఎక్కిస్తాము. నల్లబల్ల మీద మునగచెట్టు బొమ్మ వేసి, ఆ కొమ్మ ఎంత పెళుసో, ఎక్కినవాడి గతి ఏమిటో చెప్పాను. కొన్నేళ్ళ తరువాత సూరత్ వచ్చినప్పుడు హిందీలోను, గుజరాతీలోను శనగచెట్టు ఎక్కిస్తారని తెలిసింది. శనగమొక్క మోకాలి ఎత్తుకు మించదు. దాన్ని చెట్టని నమ్మి ఎక్కబోయేవాడి తెలివి మీదనే ఆ జాతీయంలోని చురక. ఇంగ్లీషువారు చెట్టుతో పని లేకుండా మనిషికి వెన్న పూస్తారు. చూడండి, మునగలో పడిపోతాడన్న హెచ్చరిక ఉంది, శనగలో ఎక్కేవాడి అమాయకత్వం ఉంది, విమానంలో బిడియం ఉంది, వెన్నలో పూసేవాడి స్వార్థం ఉంది. నాలుగింటికీ నిఘంటువు ‘ముఖస్తుతి చేయుట’ అని ఒకే అర్థం రాసి ఊరుకుంటుంది. పిల్లలకు ఆ ఒక్క ముక్కే బట్టీ పట్టిస్తే మిగిలినదంతా నేలపాలే కదా.

ఈ అనుభవం తరువాత నా చీటీల పద్ధతి మారింది. అంతకుముందు జతకూర్చే ఆటలో ఒక చీటీ మీద జాతీయం, మరో చీటీ మీద అర్థం ఉండేవి. బోర్లించి పరిచి, రెండేసి తిప్పి, జత కుదిరితే తీసుకోవడం. ఇప్పుడు అర్థం చీటీని తీసివేశాను. దాని స్థానంలో ఒకటి విద్యార్థి సొంత భాషలోని జాతీయం, మరొకటి ఒక సందర్భం. మూడూ కలిస్తేనే జత. సందర్భమంటే రెండు మూడు పంక్తులు: ‘కొత్తగా చేరిన ట్రైనీ, మేనేజరుగారి టై ఎంత బాగుందో మూడుసార్లు చెప్పి, ఆ తరువాత సెలవు చీటీ ముందు పెట్టాడు’. దీనికి ఏ చెట్టు, ఏ వెన్న సరిపోతుందో పిల్లలు వాదించుకోవాలి. వాదన పెరిగితే ఆట సాగుతున్నట్లు లెక్క.

కొరియాలో నా ఎనిమిదవ నెలలో మరో పైపులైను పరీక్ష జరుగుతుండగా, ఒక స్కాట్లండు ఇనస్పెక్టరు వాకీటాకీలో సరిగ్గా నేనన్న మాటే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, గుండె ఝల్లుమంది. పంపు దగ్గర నుండి మా కుర్రవాడి గొంతు వినబడింది: “హార్సెస్, సర్, నాట్ హోస్. డు యు మీన్ స్టాప్?” ఇనస్పెక్టరు ఒక్క క్షణం తెల్లబోయి “యెస్, స్టాప్” అన్నాడు. పంపు ఆగింది.

ఇక మన సూరత్ సంగతి. నగరపాలక సంస్థ వారి ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అనే ఏడు మాధ్యమాలలో నడుస్తాయని మన టౌన్‌షిప్పులో చాలామందికి తెలియదు. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చిన నేతకుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడడం వల్లనే ఇక్కడ తెలుగు బడులు వెలిశాయి. మన ఆదివారపు బడికి వచ్చే ఇరవై ముగ్గురూ ఆ కుటుంబాల పిల్లలే, ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ. ఇన్ని భాషల మధ్య పెరుగుతూ, ‘నాకు ఏ భాషా సరిగా రాదు సార్’ అనుకునే పిల్లలు. కొరియావారికి నోరు పెగలకపోవడం మర్యాద వల్ల. వీరికి ఆ అనుమానం వల్ల.

కనుక ఇక్కడ ఆటను అటునుండి మొదలుపెట్టాను. మొదటి ఆదివారం ఇంగ్లీషు ఊసే లేదు. ఎవరికి ఏ భాషలో ఏ జాతీయం వస్తే అది చెప్పాలి, ఎక్కువ తెచ్చిన జట్టుది గెలుపు. గంటలో పలక నిండిపోయింది. కడుపుమంటకు జోడుగా ‘పొట్టలో నూనె పోసినట్లయింది’ అనే గుజరాతీ జాతీయం ఒకరు తెచ్చారు. ఒకడు ‘లోచో’ అన్నాడు. సూరత్ వీధుల్లో ఉదయం పూట వేడివేడిగా అమ్మే ఆ ఫలహారాన్ని మనమందరం తిన్నవాళ్ళమే. ఖమణ్ సరిగా కుదరక ముద్దయిపోతే ‘లోచో అయింది’ అన్నారని, ఆ పేరే నిలిచిపోయిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. పనిలో గందరగోళమైనా లోచోయే. ‘సూరత్‌లో భోజనం, కాశీలో మరణం’ అని గర్వంగా చెప్పుకునే ఊళ్ళో, పొరపాటుకు కూడా తినే వస్తువు పేరే! ఏ భాషా రాదనుకున్న పిల్లలు మూడు భాషల సొమ్మును పలక మీద చూసుకున్న తరువాత, నాలుగవ గడి గీసి దాని మీద ‘ఇంగ్లీషు’ అని రాశాను.

ఆ గడిలో చేర్చడానికి బట్టకు సంబంధించిన జాతీయాలను ఎంచుకున్నాను, నేతవారి పిల్లలు గనుక. ఇంగ్లీషులో అటువంటివి కొల్లలు. ‘కట్ ఫ్రమ్ ద సేమ్ క్లాత్’ అనగానే ‘ఒక తానులో ముక్కలే’ అని వెనుక వరుస నుండి జవాబు వచ్చింది. ‘హ్యాంగింగ్ బై ఎ థ్రెడ్’ కూడా కష్టం కాలేదు. చిక్కు వచ్చింది ‘ఆన్ టెంటర్‌హుక్స్’ దగ్గర. ఎనిమిదవ తరగతి పాఠంలో ఎక్కడో ఉన్నదట, అర్థం ‘ఆందోళనగా’ అని పెన్సిలుతో రాసుకున్నారు, అంతే. నేను అబద్ధాల ఆట పెట్టాను. ఒకడు చేపలు పట్టే గాలమన్నాడు, ఒకతె డేరా కట్టే మేకు అన్నది. అప్పుడు మూడు నెలలుగా నోరు విప్పని ఒక అమ్మాయి, లేచి నిలబడకుండానే, “సార్, మా నాయన స్టెంటర్ మీద పనిచేస్తడు” అన్నది.

తరగతి ఆమె వైపు తిరిగింది. నేను సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. పాండేసరాలోని రంగుల మిల్లులో స్టెంటర్ యంత్రం ఎలా ఉంటుందో ఆ పిల్ల బల్ల మీద గీసింది. రెండు వైపులా రెండు గొలుసులు, వాటి నిండా సూదుల్లాంటి పిన్నులు. తడిబట్ట రెండు అంచులనూ ఆ పిన్నులు గుచ్చి పట్టి, గుంజి, వేడి గదుల గుండా నడిపిస్తాయి. ఆ వేడి పాలియెస్టరుకు 180 నుండి 200 డిగ్రీల దాకా ఉంటుందని అంకె మాత్రం నేను అందించాను. ఇంగ్లండులో పూర్వం ఉన్ని బట్టను ఉతికిన తరువాత ముడుచుకుపోకుండా ఆరుబయట కొయ్య చట్రాలకు బిగించేవారు. ఆ చట్రం పేరు టెంటర్, దాని కొక్కేలు టెంటర్‌హుక్స్. స్టెంటర్ ఆ చట్రానికి వారసురాలే. మనిషి మనసు ఆ కొక్కేల మీద బట్టలా అన్ని వైపులా లాగబడి ఉండడమే ఆ జాతీయం. “ముళ్ళ మీద కూసున్నట్టు” అన్నది ఆ అమ్మాయి. జత కుదిరింది.

జాతీయం పుట్టుక తెలిస్తే అర్థం ఎక్కువకాలం నిలుస్తుందని ఫ్రాంక్ బోయర్స్ వంటి పరిశోధకులు ఈ శతాబ్దపు తొలి దశకంలో ప్రయోగాలు చేసి చూపారు. ఆ వ్యాసాలు నేను తరువాత చదివాను. ఆ అమ్మాయికి వాటితో పని లేదు. మరుసటి ఆదివారం వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. రాత్రి పాళీ చేసి నేరుగా వచ్చినట్లున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జేబులోనుండి కాగితంలో చుట్టిన ఇత్తడి పిన్నుల పట్టీ ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. “సారూ, విరిగిపోతే పక్కన పెట్టింది, అడిగి తెచ్చిన. గీ పిన్నులు గుంజి పట్టకపోతే పన్నా తగ్గుతది, తాకా వాపసొస్తది. మా బిడ్డ ఇంగ్లీషుల చెప్పిందట గద, మళ్ళొకసారి చెప్పమనుండ్రి, ఇంట” అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆ పట్టీ ముక్క ఇప్పుడు మన బడి బీరువాలో చీటీల పక్కనే ఉన్నది. చూడదలచినవారు ఆదివారం ఉదయం పది గంటలకు రావచ్చు. వచ్చేటప్పుడు పాత డ్రాయింగు షీట్లు తెస్తే చీటీలకు పనికివస్తాయి. ఇప్పటిదాకా కత్తిరించే పని మా శ్రీమతి ఒక్కర్తే చేస్తున్నది.

చివరగా ఒక బాకీ. పెనుకొండ సమీపంలో ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019 లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత అనంతపురం ప్రాంతంలో కొరియావారు కాపురాలు పెట్టారు. అక్కడ విడిభాగాల కంపెనీలో పనిచేసే మా మేనల్లుడు, “మామయ్యా, మీ చీటీల ఆట మాకు పంపండి, ఇక్కడ వాళ్ళు తెలుగు అడుగుతున్నారు” అని కోరితే నలభై జతలు రాసి పంపాను. ముప్ఫై తొమ్మిదింటికి తెలుగు జోడు దొరికింది. ఒక్కటి ఖాళీగా ఉన్నది. ఎక్కడికి వెళ్ళినా పరిచయస్థులున్నవాడిని కొరియావారు ‘కాలు వెడల్పుగలవాడు’ అంటారు. కాలికి బలపం కట్టుకోవడం సరిపోదు, అది తిరుగుడే గాని పరిచయం కాదు. సరైన తెలుగు జాతీయం తెలిసినవారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దలున్నవారు, సంపాదకుల పేరిట రాసి పంపగోరుతాను. దసరా సంచికకు అందేలా పంపితే మేలు.